మూడో మిణుగురు

గోడ మీది ఫొటో వెనక పెన్సిలుతో రాసి ఉన్న 412 అనే అంకె, సారపాక ఫొటోగ్రాఫరు సారంగపాణి అటక మీది రేకు డబ్బాలో ఒక పాత కవరు మీద కూడా దొరికింది. పోయినవారం మనం అక్కడే ఆగాం. ఆ కవరులో ఉన్నది ఒకే ఒక ఫిలిం ముక్క. కవరు మీద ఆయన చేతిరాత: ‘బిచ్యా, మంగమ్మ. 2 కాపీలు.’

ఈ వారమే మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్లకు నాలుగు ముక్కలు. ఉషారాణిది సారపాకకు ఇరవై కిలోమీటర్ల అవతల, అడవి అంచున ఉన్న లంబాడీ తండా. ముప్పై రెండేళ్ల మనిషి. పదేళ్లు కాంట్రాక్టు టీచరుగా చేసి చేసి, ఈ ఏడు పర్మినెంటు ఉద్యోగానికి ఎంపికైంది. ఆర్డరు చేతికందే లోపల ఎవరో పేరు పెట్టకుండా ఒక అర్జీ పడేశారు. ఈమె మంగమ్మ కడుపున పుట్టిన పిల్ల కాదు, సారపాకలో వెదురు కూలీల గుడిసెల దగ్గర ఎవరో వదిలిపోతే తెచ్చి పెంచుకున్న పిల్ల, కాబట్టి ఈమె కులం సర్టిఫికెట్ చెల్లదు అని. సోమవారం విచారణ. తేల్చుకోలేకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు అమ్మ కూడా పోతుంది.

తల్లి మంగమ్మ, తండ్రి బిచ్యా ఆమెకు నాలుగేళ్లు నిండకముందే చనిపోయారు. పురుడు పోసిన ముసలమ్మ కూడా లేదు. మిగిలిన సాక్ష్యం ఇంట్లో గోడకున్న నలుపు తెలుపు ఫొటో ఒక్కటే. ఆ ఫొటో ఏమో అర్జీ పెట్టినవాడి పక్షానే మాట్లాడుతోంది. దాని కింద తెల్లటి అక్షరాల్లో 12-6-93 అని ఉంది. ఉషారాణి పుట్టింది ఆ ఆగస్టులో. రెండు నెలల్లో కనాల్సిన ఆడమనిషి అందులో సన్నగా నిలబడి ఉంది, కడుపన్న జాడే లేదు. పైగా ఫొటోలో మంగమ్మ తెల్లటి మనిషి. ఉషారాణి కారు నలుపు. అర్జీలో ఉన్నవి ఈ రెండు పాయింట్లే. రుజువుగా అదే ఫొటో నకలు అంటించి పెట్టారు.

శనివారం మధ్యాహ్నం. మిల్లు షిఫ్టు వదిలే వేళ. సారపాక రోడ్డు మీద ఆటోలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. రోడ్డు మీద అంత ఎండ కాస్తుంటే సారంగపాణి స్టూడియో వెనక గదిలో ఉషారాణికి తన చేయి తనకు కనబడటం లేదు.

ముందు గదిలో ఆయన కోడలు సరిత ఆధార్ ఫొటోలు, జిరాక్సులు నడుపుతుంది. వెనక ఉన్న ఈ చీకటి గది పదిహేనేళ్లుగా నీళ్ల క్యాన్లకూ పాత కుర్చీలకూ ఇల్లయి పడి ఉంది. ఈ నాలుగు రోజుల్లో దాన్ని కడిగి, హైదరాబాదు నుంచి కొరియర్లో కాగితం, మందులు తెప్పించి, కిటికీకి నల్ల గుడ్డ కొట్టింది కూడా సరితే. ఉషారాణిని బండి మీద తెచ్చిన మేనమామ దేవ్లా బయట వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే, తనకు చీకట్లో ఊపిరాడదని నవ్వి ఊరుకున్నాడు.

ఎర్ర బల్బు వెలిగింది. డెబ్బై నాలుగేళ్ల సారంగపాణి ముఖం ఎర్రగా, కుంపటి ముందు కూర్చున్నవాడి ముఖంలా కనిపించింది. ముందుగా అడిగింది ఫోను గురించే. సైలెంట్లో పెట్టానంది ఆమె.

“దాని మోత నన్నేం చెయ్యదు బిడ్డా. వెల్తురుతోనే లొల్లి. ఆర్పి ఆ డబ్బల వెయ్యి.”

ఆమె ఫోను ఆర్పి బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టింది. ఆయన ఫిలిం ముక్కను ఉఫ్‌మని ఊది, ఎన్‌లార్జర్ అనే పెద్ద ఫొటోల మిషను గొంతులోకి దూర్చాడు. కింద పలక మీద వెలుగు పడింది. ఆ వెలుగులో అన్నీ తలకిందులుగా ఉన్నాయి. తెల్లటి జుట్టు, నల్లటి పళ్లు, ఆకాశం బొగ్గులా. వాళ్లు తన తల్లీ తండ్రీ అని చెప్తే తప్ప ఆమెకు తెలియదు.

“ఎట్ల తియ్యమంటవ్?”

“ఉన్నదున్నట్టు తియ్యి తాతా.”

సారంగపాణి పలక మీది వెలుగును ఆర్పాడు. నలభై ఏళ్లలో ఎవరికీ ఉన్నదున్నట్టు తీసి ఇవ్వలేదని, అది తనకు చేతనవునో కాదో చూడాలని, సగం నవ్వుతూ సగం నిజంగానే అన్నాడు. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. ఫొటో అంటేనే ఉన్నదున్నట్టు కదా అనుకుంది. గోడకు ఒక మేకు, ఆ మేకుకు తాళంచెవుల గుత్తిలా వేలాడుతున్నవేవో కనిపించి అవేమిటని అడిగింది.

ఆయన ఆ గుత్తి దించి ఆమె చేతిలో పెట్టాడు. అన్నీ సైకిలు పుల్లలు. ఒక్కో పుల్ల చివర నల్ల అట్ట ముక్క కట్టి ఉంది. ఒకటి రూపాయి బిళ్లంత, ఒకటి గోరంత, ఒకటి తమలపాకంత. వాటితో పాటు మధ్యలో చిల్లు పొడిచిన అట్టలు నాలుగైదు. కంపెనీ సామాను కాదు, అన్నీ స్వయంగా చేసుకున్నవి. తొలి పుల్ల తన సొంత సైకిలు వెనక చక్రం నుంచి పీకిందట.

బళ్లో పిల్లలకు సైన్సు చెప్పే మనిషి కదా, ఉషారాణికి సోమవారం సంగతి కాసేపు పక్కకు పోయింది. ఇవి ఎందుకు, ఎక్కడ పెడతారు, ఎంతసేపు పెడతారు అని ఒకటే ప్రశ్నలు. ఆయన మాటలతో చెప్పకుండా చేసి చూపించాడు. చిన్న కాగితం ముక్క పలక మీద పరిచి, పైనుంచి వెలుగు వదిలి, రూపాయి బిళ్లంత అట్టను ఆ వెలుగుకు అడ్డం పెట్టి సన్నగా ఊపాడు.

“ఇక్కడ అంతా ఉల్టా ఉంటది. నీడ పట్టిన చోటు తెల్లబడుతది. వెల్తురు ఎక్కువ తాకిన చోటు నల్లబడుతది. ముఖం తెల్లగ గావాల్నంటే దాని మీద నీడ పట్టాలె. ఏదన్న కనబడొద్దంటే దాని మీద వెల్తురు పొయ్యాలె.”

“ఎందుకు ఊపుతున్నవ్?”

“ఆపితే గీత పడ్తది. దొంగతనం బయటపడ్తది.”

కాగితం ముక్కను మందు నీళ్ల పళ్లెంలో వేస్తే, చుట్టూ నల్లబడి మధ్యలో గుండ్రంగా తెల్లటి మచ్చ మిగిలింది. అంచు ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో కనిపెట్టలేని మచ్చ. చేతుల వణుకు ఈ వయసులో తనకు లాభమే అయిందని, ఊపాల్సిన పని అదే ఊపుతోందని ముసలాయన హాస్యమాడాడు. ఆ పుల్లలను మళ్లీ మేకుకు తగిలించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

“ఇగ చూడు. ముట్టను.”

పెద్ద కాగితం పరిచాడు. వెలుగు వదిలాడు. పన్నెండు దాకా నోటితో లెక్కపెట్టి ఆర్పేశాడు. తెల్లగా ఖాళీగా ఉన్న ఆ కాగితాన్ని పళ్లెంలోకి జార్చి, పళ్లెం అంచు పట్టుకుని చాటలో బియ్యం ఆడించినట్టు మెల్లగా ఆడించమన్నాడు ఆమెను.

ముందు వచ్చినవి నాన్న జుట్టు, మీసం. తర్వాత సైకిలు. అది కొత్త సైకిలు, హ్యాండిలుకు రంగు కాగితం పూలు కట్టి ఉన్నాయి. ఇవన్నీ గోడ మీది ఫొటోలో ఉన్నవే. అమ్మ ముఖం మెల్లగా లేచింది. గోడ మీది ఫొటోలో ఎంత తెలుపు ఉంటుందో అంత దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగుతుందనుకుంది ఉషారాణి. ఆగలేదు. ఇంకా నల్లబడింది. నాన్న ముఖం రంగును దాటి ఇంకా కిందికి దిగి, బాగా కాగిన బెల్లం పాకంలా చిక్కబడి అప్పుడు ఆగింది. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు తేలాయి. అవి ఉన్నాయని ఈ లోకంలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పళ్లెం ఆడించడం మానేసిందని ఆయన గుర్తు చేశాడు.

నడుము దగ్గరికి వచ్చేసరికి ఆమె పళ్లెం మీదికి వంగింది. గోడ మీది ఫొటోలో అమ్మ నడుము నుంచి కిందికి ఒక పక్కంతా చీకటి. అది చూరు నీడ అని ఇంట్లో అందరూ అంటారు. ఇక్కడ చూరూ లేదు, నీడా లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ పడుతోంది. ఆ ఎండలో అద్దాలు కుట్టిన ఓణీ, వరసగా ఏడు అద్దాలు. ఆ వరస సూటిగా లేదు. నిండుగా వంపు తిరిగి ముందుకు వచ్చి ఉంది. దాని కింద, బరువు మోస్తున్నట్టు, గాజులతో నిండిన అమ్మ ఎడమ చేయి.

ఏడు నెలల కడుపు. దాని కింద తెల్లటి అక్షరాల్లో 12-6-93.

సారంగపాణి కాగితాన్ని పట్టుకారుతో తీసి మందులు మార్చి, ఇక భయం లేదని చెప్పి తెల్ల బల్బు వేశాడు. తేదీ అక్షరాలను వేలితో చూపించాడు. అది ఫిలిం మీదే నల్ల సిరాతో రాసిందని, అందుకే కాగితం మీద తెల్లగా వస్తుందని, తర్వాత ఎవడూ చేర్చగలిగింది కాదని చెప్పాడు. ఉషారాణి వినిపించుకునే స్థితిలో లేదు. తువ్వాలులో చుట్టి తెచ్చిన గోడ ఫొటోను విప్పి, తడిసిన కొత్త ఫొటో పక్కన పెట్టింది. ఒకే ఫిలిం, ఒకే క్షణం. ఇద్దరు వేరువేరు ఆడవాళ్లు.

“మా అమ్మను తెల్లగ చెయ్యమని ఎవరన్నరు?” అంది. గొంతులో తాత అన్న పిలుపు లేదు.

“ఎవ్వలూ అనలే.”

“మరెందుకు చేసినవ్?”

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మేకుకున్న సైకిలు పుల్లల వంక చూశాడు.

“నా షాపుల నుంచి నల్ల ముఖం ఒక్కటి బయటికి పోలే బిడ్డా. సంబంధాల ఫొటోలతోని షురువయింది. తెల్లగ రాకపోతే పైసలియ్యరు, మల్ల రారు. ఆ తర్వాత ఎవ్వలూ అడగనక్కర లేకపోయింది. చెయ్యి అదే పోయేది. మా నాయన ఇల్లందుల బొగ్గు బాయి పని చేసిండు. సబ్బు ఎంత రుద్దినా పోని నలుపు. ఆయన చచ్చిపోయినంక ఫొటో పెద్దగ చేసిన. ఆయనను గూడ తెల్లగనే తీసిన. ఇప్పుడు యాది చేసుకుంటే మా నాయన నాకు తెల్లగనే యాదికొస్తడు. నేను చేసిన ఫొటోనే యాదికొస్తది.”

ఉషారాణికి తండా గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచి విన్న మాట ఒకటే: మంగమ్మ పాల లెక్క ఉండేది, ఈ పిల్లది ఎవరి పోలికో. ఆ మాట అన్నవాళ్లలో సగం మంది మంగమ్మతో కలిసి కూలికి పోయినవాళ్లు, ఆమె పక్కన నాట్లేసినవాళ్లు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ముప్పై ఏళ్లు గోడ మీద చూసి చూసి, కళ్లతో చూసింది మరిచిపోయారు. ఒక ఆడమనిషి ముఖం మీద ఈ ముసలాయన ఊపిన రూపాయి బిళ్లంత అట్ట, ఒక తండా మొత్తం జ్ఞాపకం మీద నీడ పట్టింది.

“మరి కడుపు? అది గూడ నీ చెయ్యి అదే పోయి చేసిందా?”

“లేదు,” అన్నాడు సారంగపాణి. “అది మీ అమ్మ అడిగితె చేసిన.”

ఆయన చెప్పిన సంగతి ఇది. బిచ్యా కొత్త సైకిలు కొన్నాడు. తండాలో అది రెండో సైకిలు. బ్యాంకు అప్పుల కాగితాలకు ఫొటోలు తీయడానికి వచ్చిన సారంగపాణిని పట్టుకుని, సైకిలుతో సహా మా ఇద్దరినీ ఒకటి తియ్యమని పట్టుబట్టాడు. మంగమ్మ వద్దంది. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. కడుపుతో ఉన్న మనిషి కడుపు ఫొటోలో పడితే దిష్టి తగులుతుందని, బిడ్డ దక్కదని ఆ తండాలో నమ్మకం. పది మంది ముందు మొగుడి మాట తీసెయ్యలేక నిలబడింది. మూడు రాత్రులు నిద్రపోలేదు. నాలుగో రోజు వెదురు లారీ ఎక్కి సారపాక వచ్చి, ఈ గది గుమ్మంలో నిలబడింది. ఫిలిం చింపెయ్యమంటే చింపేవాణ్నే అన్నాడాయన. ఆమె అది కూడా అడగలేదు.

“‘కడుపు ఒక్కటి చీకట్ల పెట్టు సారూ, సైకిలు ఉండనియ్యి, మా ఆయన సంబురపడ్డడు’ అన్నది. నేను నవ్విన. ఆమె నవ్వలే. అట్టకు చిల్లు పొడిచి, ఆ చిల్లుల నుంచి వెల్తురు మొత్తం కడుపు మీద పోసిన. ఫొటోల చీకటైంది. బిడ్డ పుట్టినంక ఎత్తుకొని రమ్మన్న. చీకటి తీసేసి ఇంకోటి ఉత్తగనే ఇస్తనన్న.” ఆయన తడి ఫొటో వైపు చూశాడు. “రాలే.”

ఉషారాణి తడి ఫొటో అంచు మీది నీటి చుక్కను వేలితో తుడిచింది.

“వచ్చిన గద తాతా,” అంది. “ఆలస్యమైంది, గంతే.”

ముసలాయన కళ్లద్దాలు తీసి బనీనుకు తుడుచుకున్నాడు. ఆ పని కొంచెం ఎక్కువసేపే చేశాడు. తర్వాత ఆమె కాకుండా ఆ రెండు ఫొటోలే వింటున్నట్టు వాటితో అన్నాడు:

“అర్జీల ఉన్నవి రెండే ముక్కలు. తల్లి తెలుపు, కడుపు లేదు. ఒకటి నా కుడిచెయ్యి చేసింది, ఇంకోటి ఎడమచెయ్యి చేసింది. సోమవారం నేను గూడ వస్త. ఈ పుల్లలు పట్టుకొని వస్త. వాళ్ల ముందల చేసి చూపెడ్త.”

ఇక్కడితో అయిపోవలసిన సంగతే. కానీ ఉషారాణికి చిన్నప్పటి ఒక అలవాటు గుర్తొచ్చింది. గోడ ఫొటోలో ఆ చీకట్లో సన్నగా రెండు బూడిద రంగు చుక్కలు ఉంటాయి. చిన్నప్పుడు పడుకుని వాటినే చూసేది. అమ్మ పక్కన చీకట్లో మిణుగురులు ఎగురుతున్నాయని అనుకునేది. ఇప్పుడు కొత్త ఫొటో పక్కన పెట్టి చూస్తే అవి మిణుగురులు కావు. ఓణీ మీది అద్దాలు. ఎండలో మెరిసే అద్దం అంత తేలిగ్గా నల్లబడదని, దాన్ని చంపాలంటే వెలుగు మరీ మరీ పోయాలని, తాను ఏడింటిలో ఐదింటినే చంపగలిగానని సారంగపాణి చెప్పాడు.

“అర్జీకి పెట్టిన ఫొటో నీ దగ్గర ఉన్నదా?” అని అడిగాడు ఉన్నట్టుండి.

ఉంది. నిన్న ఆఫీసులో ఫైలు చూపించినప్పుడు, దానికి అంటించిన నకలును ఫోనుతో తీసుకుంది. సిగ్గు వేసి ఎవరికీ చూపలేదు, దేవ్లా మామకు కూడా. అర్జీ వచ్చిందని చెప్పింది కానీ, దానికి ఏ ఫొటో పెట్టారో చూపించడానికి మనసు రాలేదు. బిస్కెట్ల డబ్బా మూత తీసి, ఫోను వెలిగించి, ఆ బొమ్మను వేళ్లతో సాగదీసింది.

చీకట్లో ఒక చుక్క. పక్కన రెండోది. వాటికి కొంచెం పైన, ఎడమకు జరిగి, మూడోది.

ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు లెక్కపెట్టారు. గోడ ఫొటో మీద భూతద్దం పెట్టి చూశారు. అక్కడ రెండే. మూడో అద్దం ఉండాల్సిన చోట పిసరంత బూడిద కూడా లేదు.

“మిషిను తీసిన ఫొటోలైతే వెయ్యి తీసినా ఒక్క తీరుగ ఉంటయి,” అన్నాడు సారంగపాణి. “చెయ్యి ఊపి చేసినవి రెండు ఒక్క తీరుగ రావు. ఇది మీ ఇంటి ఫొటో కాదు. రెండోది.”

కవరు మీద ‘2 కాపీలు’ అని ఉన్నది అప్పుడు ఇద్దరికీ గుర్తొచ్చింది. మంగమ్మ ఒక్కటే అడిగిందట. వారం తర్వాత తీసుకుపోవడానికి మగమనిషి ఎవరో వచ్చి, తనకు కూడా ఒకటి కావాలంటే ఇంకోటి తీసి ఇచ్చాడట. బిచ్యా మాత్రం కాదు. ఎవరంటే సారంగపాణి చెప్పలేకపోయాడు. ముఖాలు తనకు ఫిలిం మీదనే గుర్తుంటాయని, కౌంటరు ముందు నిలబడ్డవాళ్లవి గుర్తుండవని నొచ్చుకున్నాడు.

ఉషారాణికి మాత్రం అనుమానం లేదు. నాన్న తమ్ముడు బలరాం. చేను గట్టు దగ్గర తగాదా వచ్చినప్పటి నుంచి ఎదురుపడితే ముఖం తిప్పుకునే చిన్నాయన. అతని ఇంట్లో ఏ ట్రంకుపెట్టెలోనో ఆ మూడో చుక్క ఉండి ఉంటుంది. ఇప్పుడే పోయి అడుగుతానంది. సారంగపాణి తల అడ్డంగా ఊపాడు. సోమవారం దాకా ఈ ఉన్నదున్నట్టు ఫొటో ఒకటి పుట్టిందని ఎవరికీ తెలియకూడదన్నాడు. తెలిస్తే అర్జీ పెట్టినవాడు రెండు రోజుల్లో ఇంకో కథ అల్లుకుంటాడు. ఇంట్లో ఎవరన్నా అడిగితే, కొత్తగా ఏమీ రాలేదు, అదే ఫొటో మళ్లీ వచ్చిందని చెప్పాలి.

“మామకు చెప్పొచ్చు గద.”

“ఎవ్వలకూ చెప్పకు.”

“మామ ఎవ్వలో గాదు తాతా. నన్ను భుజం మీద ఎక్కించుకొని వాగు దాటిచ్చి బడికి పంపిండు. అమ్మ చచ్చిపోయినంక నేను తిన్నది ఆయన కంచంల బువ్వనే.”

“ఆయన మంచోడే. ఆయన ముఖం మంచిది గాదు. సంబురం దాచుకోలేడు. రేపు తండల అందరూ చదువుతరు ఆ ముఖాన్ని.”

ఆ మాట ఆమెకు నిజమనిపించింది. దేవ్లా మామకు కోపమొచ్చినా సంతోషమొచ్చినా ముందు చెవులు ఎర్రబడతాయి. సరే, అయితే చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అంది. ఇంకొకటి తీద్దామన్నాడు ఆయన. గోడ మీద ఉన్నట్టే, రెండు చుక్కలతో.

ఈసారి ఎర్ర బల్బు కింద చిల్లు అట్ట పట్టుకున్నది ఉషారాణి. ఆయన ముందు తల్లి ముఖానికి నీడ పట్టి తెల్లగా చేశాడు. ఇప్పుడు నీ వంతు అన్నాడు. అట్ట చిల్లులోంచి జారిన వెలుగు రేగిపండంత, కాగితం మీద కడుపు ఉన్న చోట పడింది. ఆమె మెల్లగా ఊపసాగింది. ఆయన లెక్కపెడుతున్నాడు. పది. ఇరవై. ముప్పై. ముప్పై రెండేళ్ల కింద ఇదే గదిలో, ఇదే ఫిలిం కింద, తనను దాచారు. ఇప్పుడు తన చేత్తో తనే తనను దాచుకుంటోంది. నలభై. ఆ వెలుగు ఎంత పోస్తే అంత లోపలికి, అంత క్షేమంగా పోతున్నట్టు అనిపించింది. అమ్మకు ఆ రోజు ఇలాగే అనిపించి ఉంటుంది.

“ఎడమ పక్క మూలకు ఇంకో పది,” అన్నాడు సారంగపాణి. “ఆ మూడో అద్దం చావాలె.”

పళ్లెంలో ఫొటో తేలింది. తెల్లటి అమ్మ, సన్నటి అమ్మ, చీకటి పక్కన రెండు మిణుగురులు. గోడ ఫొటో పక్కన పెడితే ఏది పాతదో కాగితం కొత్తదనం వల్లనే తెలుస్తోంది.

నల్లటి అమ్మ ఉన్న ఫొటోను రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, బ్యాగులో పాఠ్యపుస్తకం నడుమ దాచింది. ఫిలిం ముక్కను కవరుతో సహా సారంగపాణి తన చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. రెండు చుక్కల కొత్త ఫొటో చేత్తో పట్టుకుని ఆమె బయటికి వచ్చింది. ఎండ కళ్లలో పొడిచింది.

దేవ్లా వేపచెట్టు కింద కుర్చీలోంచి లేచాడు. అరవై దాటిన మనిషి, ఇప్పటికీ నడుము వంగలేదు. మేనకోడలు లోపల ఎంతసేపు ఉందో అంతసేపూ టీ కూడా తాగినట్టు లేడు, గ్లాసు మీద మీగడ కట్టి ఉంది.

“ఏమొచ్చింది బిడ్డా?”

“ఏం రాలే మామా. మనింట్ల ఉన్నదే మల్ల వచ్చింది.”

ఆయన ముఖం వైపు చూడలేక చెప్పులు వెతుక్కుంది. ఆ మనిషితో అబద్ధమాడటం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. సోమవారం సాయంత్రం కాళ్లు పట్టుకుని చెప్పుకుంటాలే అనుకుంది. ఆయన ఫొటో అందుకుని, దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. చెల్లెలి ముఖం చూశాడు. సైకిలు చూశాడు. తర్వాత చూపు కిందికి దిగి చీకటి దగ్గర ఆగింది. పెద్దగా ఊపిరి వదిలాడు.

పాపం, ఏమీ దొరకలేదని బాధపడుతున్నాడని అనుకుంది ఉషారాణి. ఓదార్చడానికి నోరు తెరిచింది.

దేవ్లా చూపుడువేలు ఒక చుక్క మీద ఆగింది. రెండో చుక్క మీద ఆగింది. మందలో మేకలు లెక్కపెట్టుకునే మనిషికి అది వేలికున్న అలవాటు. ఆ తర్వాత కొంచెం పైకి, ఎడమకు జరిగి, ఏమీ లేని నలుపు మీద ఆగింది. అక్కడ గోటితో గీకి చూశాడు.

“ఈడ ఇంకోటి ఉండాలె గద బిడ్డా. అది గూడ సరిగ రాలేదా?”

రోడ్డు మీద వెదురు లారీ ఒకటి పోయింది. అది పోయి, దాని దుమ్ము అణిగాక, వేపచెట్టు మీద కాకి మళ్లీ అరిచింది. బ్యాగును రెండు చేతులతో కడుపుకు అదుముకుంది.

“ఏ ఫొటోల మామా?” అని అడిగింది ఉషారాణి.